పొట్టకు ఆపరేషన్, భుజానికి కట్టు

రిటైరైన వాళ్ళందరూ తాము కాపాడిన ప్రాణాల గురించి చెబుతారు. నేను కాపాడినవి ఎన్నో, నా చేతిలో పడి తమంతట తామే బతికి బయటపడినవి ఎన్నో నాకు తెలియదు. కానీ నేను చెప్పకుండా మింగేసిన ఒక్క మాట వల్ల నిక్షేపంలాంటి భుజానికి వెదురు బద్దలు ఎక్కిన కథ మాత్రం బాగా తెలుసు. కొత్తగా యూనిఫాం వేసుకుని వార్డుల్లోకి వస్తున్న పిల్లలు ఇది చదవాలి. చదివి నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ నాలుగు రోజులూ నాకు మాత్రం నవ్వు రాలేదు.

గుంటూరులో ఒక సర్జికల్ నర్సింగ్ హోమ్‌లో నేను వార్డు ఇన్‌చార్జిని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. అప్పటికి పిత్తాశయంలో రాళ్ళకు పొట్ట కొయ్యడం ఎప్పుడో మానేశారు. నాలుగు చిన్న చిల్లులు పెట్టి, కెమెరా లోపలికి పంపి, టీవీలో చూస్తూ తీసేస్తారు. పొద్దున చేయించుకున్న మనిషి సాయంత్రానికి లేచి కూర్చుంటాడు, మర్నాడో ఆ మర్నాడో ఇంటికి పోతాడు. మా సర్జన్ గారి చెయ్యి చాలా మంచిది. మాటే పిసినారి. రోగితో పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఏం కాదు" అనే ఉండేవి.

వినుకొండ దగ్గర నుంచి ఒక మిరప రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి, కష్టం చేసిన ఒళ్ళు. కోతలు మొదలయ్యేలోపు ఆపరేషన్ అయిపోవాలని ముహూర్తం పెట్టించుకుని మరీ వచ్చాడు. తోడుగా భార్య, ఆమె తమ్ముడు. ఆ బావమరిది గుంటూరు మిర్చి యార్డులో బస్తాల దిగుమతి చూసే మనిషి. హమాలీలతో అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది. గుసగుసలాడినా మూడు గదులకు వినిపించేది.

ఆపరేషన్ పొద్దున జాగ్రత్తలు చెప్పడం నా పని. నీళ్ళు తాగొద్దు, మొలతాడు తీసెయ్యండి, కట్టుడు పళ్ళుంటే చెప్పండి, అన్నీ చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. ఈ ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు కుడి భుజం నొప్పి రావచ్చు. చాలామందికి వస్తుంది. కెమెరాకు లోపల చోటు కావాలి కాబట్టి పొట్టలోకి గ్యాస్ నింపుతారు. అయిపోయాక వదిలేసినా కొంత మిగులుతుంది. అది పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న పొరను చికాకు పెడుతుంది. ఆ పొర నుంచి వచ్చే నరమూ, భుజం నుంచి వచ్చే నరమూ మెడలో ఒకే చోట చేరతాయి. నొప్పి ఎవరింటి నుంచి వచ్చిందో తెలియక మెదడు భుజం పేరు చెబుతుంది. అంతే సంగతి. రెండు మూడు రోజుల్లో ఒంట్లో కలిసిపోతుంది.

ఇది చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఎందుకు చెప్పలేదంటే, మాకు పని నేర్పిన పెద్ద సిస్టర్లు అలా నేర్పారు. మంచి ముహూర్తం చూసుకుని వచ్చిన వాళ్ళ ముందు నొప్పి పేరెత్తకూడదు, ఎత్తితే లేని నొప్పి కూడా వస్తుంది అనేవారు. నేనూ అదే నమ్మాను. ముప్పై ఏళ్ళుగా ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. రాళ్ళను చిన్న సీసాలో వేసి ఇస్తే బావమరిది వాటిని వెలుతురుకు పెట్టి, పెద్దవెన్నో చిన్నవెన్నో చూసి, సరుకు బాగానే ఉందన్నట్టు తలాడించాడు. సాయంత్రం మా జూనియర్ నర్సు నొప్పి ఎంత ఉందో రాసుకోవడానికి వెళ్ళింది. నల్లపాడు నుంచి రోజూ వచ్చేది ఆ పిల్ల. చురుకైనదే గానీ ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా రాసే రకం.

"పదిలో ఎంతండీ నొప్పి? సున్నా అంటే అస్సలు లేదు, పది అంటే తట్టుకోలేనంత" అని అడిగింది.

ఆయన నోరు తెరవబోతుంటే బావమరిది ఆపాడు. "బావా, నువ్వు ముందు చెప్పమాక. ఆమెని చెప్పనియ్."

"నేనెలా చెప్తానండీ? నొప్పి ఆయనది కదా."

"మీ దగ్గరికి రోజూ వస్తుంటారు గదమ్మా జనం. బయట ఎంత నడుస్తుందో మీకు తెలవకుండా ఉంటదా? మీరో మాట అనండి, దాన్ని బట్టి మేం చెప్తాం."

ఆ పిల్ల, ఆరు ఉండొచ్చేమో అంది. బావమరిది ఎనిమిదికి తక్కువైతే కుదరదన్నాడు. రోగి మధ్యలో, "పొట్ట నాలుగేనమ్మా, భుజమే తొమ్మిది" అన్నాడు నీరసంగా. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను కేస్ షీట్ తీసి చూస్తే నొప్పి గడిలో "6 - 8, బేరం జరుగుతోంది" అని రాసి ఉంది. ఆ పిల్లను తిట్టాను. తిడుతుండగా, ఆయన భుజం నొప్పి అన్నాడు సిస్టర్ అని చెప్పింది. అప్పుడు లేచాను.

వెళ్ళేసరికి గదిలో వాతావరణం మారిపోయింది. బావమరిది ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

"అమ్మా, ఒక్క ముక్క అడుగుతా. థియేటర్లో బల్ల మీంచి మంచం మీదకి బావని ఎంతమంది ఎత్తారు?"

"నలుగురు."

"నలుగురూ ఒక ఎత్తు మనుషులేనా?"

మా మత్తు డాక్టరు గారు ఆరడుగుల మనిషి. వార్డు ఆయా నా భుజం దాకా కూడా రాదు. నేను దుప్పటి సర్దడం మొదలుపెట్టాను.

"అదీ సంగతి" అన్నాడు. "ఎత్తు తేడా ఉన్నోళ్ళు బస్తా పడితే ఒక మూల కిందకి జారిద్ది. జారిన మూలే నలిగిద్ది. ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నా నేను. మీరు బావని కింద పడేశారు."

గ్యాస్ సంగతి చెప్పాను. పొర, నరం, మెడ అన్నీ చెప్పాను. భార్య నా మొహంలోకి చూస్తూ వింది. రోగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బావమరిది మాత్రం, "పొట్టలో చేస్తే భుజంలో నొప్పి అని ఇంతకు ముందు ఎందుకు చెప్పలా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ముందు చెబితే జాగ్రత్త అయ్యే మాటే తర్వాత చెబితే సాకు అవుతుందని. సర్జన్ గారు రౌండ్సుకు వచ్చి, "గ్యాస్. ఏం కాదు" అన్నారు. "పొట్టలో గ్యాస్ నింపారంటగా, మేం నింపమన్నామా?" అని బావమరిది అడిగితే ఆయనకు కోపం వచ్చి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున సర్జన్ గారు తెలివైన పని అనుకుని ఒక పని చేశారు. వీళ్ళ అనుమానం తీరేలా భుజానికి ఎక్స్‌రే తీయించారు. ఎముక శుభ్రంగా ఉంది. ఫిల్మ్ తెచ్చి చూపించాం. బావమరిది దాన్ని తిరగేసి మరగేసి చూసి ఒకటే మాట అన్నాడు.

"ఏమీ కానప్పుడు ఫోటో ఎందుకు తీశారండీ?"

మధ్యాహ్నానికి ఈ సంగతి వాళ్ళ ఊరంతా పాకింది. ఫోటోలో విరిగినట్టు కనబడిందనీ, దాచేస్తున్నారనీ వాట్సాప్‌లో తిరిగిందట. ఆ రోజు విజిటింగ్ టైములో నేను ఇంకో కేసుకు థియేటర్లో ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఆయన కుడి భుజం నుంచి మోచేతి దాకా ఆకు పసరు, గుడ్డు సొన పూసి, నాలుగు వెదురు బద్దలు వరసగా పెట్టి, తెల్ల గుడ్డతో కట్టు కట్టి ఉంది. కనిగిరి వైపు ఎముకలు కట్టే సాయిబుగారొకాయనకు పెద్ద పేరు. ఆయన్ని కారు పంపి పిలిపించారట.

జూనియర్ నర్సును పిలిచాను. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "ఒక పెద్దాయన సంచీలో ఆరు గుడ్లు కనిపించాయి సిస్టర్. చుట్టాలు భోజనం తెచ్చారనుకున్నా. గుడ్లు ఇప్పుడే పెట్టొద్దండీ, తేలిగ్గా అరిగేవి పెట్టండి అని కూడా చెప్పా. ఇవి తినడానికి కాదులే తల్లీ అన్నాడాయన. సరే అన్నా."

చెప్పింది చెప్పినట్టు షీట్లో కూడా రాసింది.

బద్దలు చూసి నవ్వొచ్చింది గానీ, అసలు చిక్కు అవి కాదు. కట్టు కదలకూడదని ఆయన మంచం దిగడం మానేశాడు. ఈ ఆపరేషన్ తర్వాత నడకే సగం మందు. నడిస్తే పేగులు కదులుతాయి, ఊపిరి లోపలి దాకా వెళ్తుంది, ఒళ్ళు తేలికపడుతుంది. నొప్పి బిళ్ళలు కూడా నొప్పి ముదిరాక కాదు, టైము ప్రకారం వేసుకోవాలి. ఈయన బిళ్ళ వేసుకోనన్నాడు. పసరు మీద ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని ఎవరో చెప్పారట. దాంతో పొట్ట నొప్పి పెరిగింది. నొప్పికి భయపడి ఊపిరి పైపైనే పీలుస్తున్నాడు. దగ్గు వస్తే దగ్గకుండా మింగేస్తున్నాడు. అలా రెండు రోజులు పడుకుంటే ఛాతీలో నెమ్ము చేరుతుంది. రాళ్ళతో వచ్చిన మనిషిని నెమ్ముతో పంపిస్తానేమోనని నాకు నిజంగా భయమేసింది.

మూడో రోజు పొద్దున్నే బావమరిది కారు తెచ్చి గేటు ముందు పెట్టించాడు. బావను కనిగిరి తీసుకుపోయి, సాయిబుగారి ఇంటి దగ్గరే నలభై రోజులు ఉంచుతారట. వెంట ఊరి నుంచి ఏడెనిమిది మంది వచ్చారు. ముందు సీట్లో సాయిబుగారు కూడా ఉన్నారు. సరిగ్గా అదే సమయానికి సర్జన్ గారు రౌండ్సుకు వచ్చారు. పొట్ట ఆపరేషన్ చేసిన తన రోగి భుజం మీద వెదురు చూసి నా వైపు తిరిగారు.

"ఇదేంటి సిస్టర్?"

"కట్టు సార్."

"ఎవరు కట్టారు?"

"భుజానికి సార్" అన్నాను. నాకూ ఏం మాట్లాడుతున్నానో తెలియలేదు.

ఆయన కేకలేశారు. బావమరిది అంతకంటే పెద్ద కేకలేశాడు. ఊరి వాళ్ళలో ఒకాయన థియేటర్ బల్ల ఎత్తు కొలుస్తానని టేపు తీశాడు. ఇంకొకాయన మా ఆయాను గోడ పక్కన నిలబెట్టి, మత్తు డాక్టరు గారు ఎక్కడున్నారని అడుగుతున్నాడు. మా ఆయా ఎందుకో ఏమిటో తెలియక బుద్ధిగా నిలబడింది. సర్జన్ గారు, తీసుకుపోతే పొండి, సంతకం పెట్టి పొండి అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

నేను కారు దగ్గరికి వెళ్ళాను. సాయిబుగారిని కడిగేద్దామనే వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆయన నన్ను చూసి కారు దిగి నమస్కారం పెట్టేసరికి సగం కోపం పోయింది. మందుల షాపు పక్క బెంచీ మీద కూర్చున్నాం.

"సాయిబుగారూ, నిజం చెప్పండి. ఆ భుజం విరిగిందా?"

"విరగలేదు తల్లీ. చెయ్యి వెయ్యంగానే తెలిసింది. బెణకను కూడా లేదు."

"మరి ఎందుకు కట్టారండీ?"

"కట్టకపోతే ఏం జరిగేదో చెప్పు. ఏమీ లేదని నేనంటే ఈ ముసలోడికి చెయ్యి తెలవట్లేదు అంటారు. అనుకుంటే అనుకున్నారు, నాకేం పోయె. కానీ ఇంకొకడి దగ్గరికి తీసకపోతారు. వాడు కాలు అడ్డం పెట్టి చెయ్యి గుంజుతాడు. అప్పుడు నిజంగానే ఊడొస్తది. అందుకని ఊరికే తగిలీ తగలకుండా కట్టా. నువ్వు చూళ్ళేదా, వేలు పెడితే దూరేంత వదులు."

చూడలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నేను బద్దలు చూసి మండిపడ్డానే గానీ, ముడి ఎంత బిగుతుగా ఉందో చెయ్యి పెట్టి చూడలేదు. సిగ్గేసింది.

"అసలు నొప్పి దేనిది తల్లీ?" అని అడిగాడాయన. చెప్పాను. శ్రద్ధగా విని, ఎన్నాళ్ళుంటది, ఏం చేస్తే తగ్గుతది అని అడిగాడు. మా సర్జన్ గారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళు కూడా అంత వివరంగా అడగలేదు.

"నడవాలండీ. బిళ్ళలు టైముకి వేసుకోవాలి. దగ్గు వస్తే దిండు పొట్టకు ఆనించుకుని దగ్గాలి. అవి చేస్తే రేపో ఎల్లుండో తేలికపడుతుంది. నేను చెబితే వినడం లేదు."

"నువ్వు చెప్తే ఎట్టా వింటారు? నువ్వు కింద పడేసిన దానివి గదా" అని నవ్వి లేచాడు.

గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడి, కట్టు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, కాసేపు ఊపిరి బిగబట్టాడు.

"ఈ కట్టు పండుకున్నోడికి పట్టదు" అన్నాడు. "దీని పథ్యం వేరే. గంటకోసారి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవాల. దిండు పొట్టకి పట్టుకుని గట్టిగా దగ్గాల, ఊపిరి కిందదాకా తియ్యాల. నర్సమ్మ ఇచ్చే బిళ్ళ ఒక్క పూట తప్పినా కట్టు బిగుసుకుపోతది. అప్పుడు నన్ను అడగమాకండి."

"మరి కనిగిరి?" అన్నాడు బావమరిది.

"కనిగిరిలో నాకు ఇంత పొడుగు వరండా లేదబ్బాయ్. ఇక్కడే ఉంచు."

బావమరిది వెంటనే ఫోనులో గంటగంటకూ అలారం పెట్టాడు. నేను ఎంత చెప్పినా చేయించలేనిది అరగంటలో మొదలైంది. ముందు రోగి, భుజం మీద బద్దలు, పొట్టకు దిండు. వెనక బావమరిది, సెలైన్ స్టాండు అవసరం లేకపోయినా తోసుకుంటూ. ఆ వెనక ఊరి వాళ్ళు ఏడుగురు. అందరూ ఆయనతో పాటు ఊపిరి కిందదాకా తీసి వదిలేవాళ్ళు. ఆయన దగ్గితే వాళ్ళూ దగ్గేవాళ్ళు. పక్క గదిలో హెర్నియా ఆయన భార్య వచ్చి, ఆ కట్టు మా ఆయనకు కూడా కట్టించండి, ఒకరికి కట్టి ఒకరికి కట్టకపోతే ఎట్టా అని గొడవ పెట్టుకుంది. ఆమెకు సర్దిచెప్పడానికి నాకు గంట పట్టింది.

ఆ సాయంత్రానికి పొట్ట నొప్పి తగ్గింది. మర్నాటికి భుజం రెండుకు వచ్చింది. ఈసారి బేరం జరగలేదు. ఆయనే చెప్పాడు. డిశ్చార్జి కాగితం మీద సంతకం పెడుతూ సర్జన్ గారు, "తగ్గింది కట్టు వల్ల కాదని వాళ్ళకు చెప్పారా?" అని అడిగారు. లేదు సార్ అన్నాను. నిజమే అయినా ఆ పూట ఆ మాట అనబుద్ధి కాలేదు.

ఎనిమిదో రోజు కుట్లు చూపించుకోవడానికి వచ్చారు. కుట్లు నేను తీశాను. కట్టు సాయిబుగారే వచ్చి విప్పారు. వరండాలో జనం మూగారు. రైతు చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పగానే చప్పట్లు కొట్టారు. బావమరిది నా దగ్గరికి వచ్చి, "జరిగిందేదో జరిగింది లెండి. ఈసారి ఎత్తేటప్పుడు ఒక ఎత్తు మనుషుల్ని పెట్టుకోండి" అని పెద్దమనసుతో క్షమించాడు.

అందరూ కారు దగ్గరికి వెళ్ళాక రైతు భార్య వెనక్కి వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నాతో గట్టిగా పది మాటలు మాట్లాడలేదు.

"అమ్మా, భుజం నొప్పి వస్తదని నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"ఆయనకి తెలవదు గదా. చెయ్యి పడిపోతందనుకున్నాడు. కోతలు ముందున్నయ్, ట్రాక్టరు ఎవరు తోలతారని ఒకటే దిగులు. రెండో రోజు పొద్దున ఇడ్లీ తెస్తే ఎడం చేత్తో తిన్నాడు. అప్పటికింకా కట్టు కూడా కట్టలా. కుడి చెయ్యి ఆడతంది గదయ్యా, ఇదేం తినటం అన్నా. ఎట్టాగూ పొయ్యేదే గదా, ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నా అన్నాడు. తింటా తింటా ఏడ్చాడమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఏడవటం అదే చూట్టం."

ఆ పొద్దున నేను ఆ గదిలోనే ఉన్నాను. బీపీ చూసి, జ్వరం చూసి, అంతా బాగుందని రాసి వచ్చాను. ఇప్పుడు ఆమె మాట విని కళ్ళు తుడుచుకున్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. వరండా చివర బెంచీ మీద ఒకాయన మొలతాడు తీసి భార్య చేతికిస్తున్నాడు. రైతు భార్య అటు చూసింది.

"ఆయనకీ ఇదే ఆపరేషనంట గదా. ఇందాక మాటల్లో చెప్పాడు. ఆయనకి చెప్పావా?"

ఎనిమిది రోజులు అంత భాగోతం జరిగినా, ఆ పొద్దున కూడా నేను నీళ్ళు తాగొద్దని చెప్పాను, కట్టుడు పళ్ళ సంగతి అడిగాను. భుజం నొప్పి సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇంకా టైముంది గదమ్మా" అందామె.

లేచి ఆ బెంచీ దగ్గరికి వెళ్ళాను.